పాట మనది, రాత ఎవరిది?

(ఊళ్ళ నుంచి, బస్తీల నుంచి పత్రికకు వార్తలు రాసే కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి మీరు దాడుల గురించి, భూముల గురించి, కూలి రేట్ల గురించి వార్త ఎట్లా రాయాలో మాట్లాడుకున్నారు. నన్ను మాత్రం పాట గురించి ఎట్లా రాయాలో చెప్పమన్నారు. కొందరికి ఇది సినిమా పేజీ వ్యవహారంలాగా అనిపించొచ్చు. ఇల్లు కాలినచోట, శవం లేచినచోట పాట గురించి రాతలెందుకు అని అడగొచ్చు. నేనూ ఒకటి అడుగుతాను. 1985లో కారంచేడు తర్వాత, 1991లో చుండూరు తర్వాత మన జనాన్ని వాడవాడకూ తిరిగి లేపిందేమిటి? ఉపన్యాసం విన్నవాళ్ళు మీటింగుకు వచ్చినవాళ్ళు. పాట విన్నవాళ్ళు మీటింగుకు రానివాళ్ళు కూడా. పొయ్యి దగ్గరున్న అమ్మ విన్నది, మంచంలో ఉన్న తాత విన్నాడు, మన పేట అవతల ఉన్న పెద్దకులపోడూ విన్నాడు.

అంత పని చేసిన పాట గురించి రాత ఎక్కడుంది? ఉద్యమ పత్రికలు ఏవైనా తిరగేయండి. సభ వార్తలో వక్తల పేర్లన్నీ వరసగా ఉంటాయి. ఆఖర్న ఒక ముక్క ఉంటది: ‘కళాకారులు పాటలతో ఉత్తేజపరిచారు’ అని. ఎవరా కళాకారులు? ఏ ఊరు? ఏ పాట? డప్పు కొట్టిందెవరు? ఏమీ ఉండదు. వక్తకు పేరుంది, పాడినోడికి లేదు. డప్పు కొట్టేవాడికి పేరెందుకు అన్నది మనువు లెక్క. ఆ లెక్క మన కాగితంలోకి రాకూడదు.

ఇవ్వాళ నేను ఒక నగరం సంగతి చెబుతాను. మన పొరుగున ఉన్న చెన్నపట్నం. అక్కడ పాట గురించి ఎవరు రాశారు, ఎవరి పాట గురించి రాశారు, రాయకపోతే ఏం పోయింది, రాసుకుంటే ఏం నిలబడింది, ఇదంతా ఆ ఒక్క నగరంలోనే కనపడతది.

ఒకే ఊరు, రెండు సంగీతాలు

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటే ఒక సంగీత సభ పెట్టారు. అందులోంచి 1928లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. అప్పట్నుంచి డిసెంబరు నెల వచ్చిందంటే, అంటే మార్గళి మాసం వచ్చిందంటే, ఆ నగరంలో సభలు, కచేరీలు. పత్రికలు దానికి ప్రత్యేకంగా పేజీలు కేటాయిస్తాయి. ఏ విద్వాంసుడు ఏ రాగం ఎంతసేపు పాడాడు, మృదంగం ఎట్లా పలికింది, ఆఖరికి క్యాంటీనులో టిఫిను ఎట్లా ఉందో కూడా రాస్తారు. అట్లా తొంభై ఏళ్ళకు పైగా రాశారు. రాసీ రాసీ దాన్ని చరిత్ర చేశారు.

ఒక సంగతి గమనించండి. ఆ కచేరీల్లో వినపడేది చాలావరకు మన తెలుగే. త్యాగరాజు కీర్తనలు తెలుగు. అదే నగరంలో తెల్లారకముందే చీపురు పట్టుకుని వీధుల్లోకి వచ్చే పారిశుధ్య కార్మికుల్లో చాలా కుటుంబాలు తెలుగు మాట్లాడేవే. ఆది ఆంధ్రులు, అరుంధతీయులు, తరాల కిందట ఇటు నుంచి వెళ్ళినవాళ్ళు. హాల్లో పాడే తెలుగుకు విమర్శకుడున్నాడు, అవార్డుంది. రోడ్డు ఊడ్చేవాళ్ళ తెలుగుకు, ఆ కాలనీల్లో పెళ్ళికీ చావుకీ పాడుకునే పాటకు ఎవరున్నారు? 2025 ఆగస్టులో ఆ కార్మికులు తమ పనిని ప్రైవేటుకు ఇవ్వొద్దని కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. అర్ధరాత్రి పోలీసులు ఎత్తుకుపోయారు. అరెస్టు వార్త వచ్చింది. వాళ్ళ పాటల మీద ఒక పేజీ రాసినవాళ్ళను వెతకాల్సిందే. ఇది మన భాష పని, కాబట్టి మన పని.

ఇక రెండో సంగీతం. ఉత్తర చెన్నై. వ్యాసర్పాడి, పులియాంతోపు, కాశిమేడు, రాయపురం. హార్బరు కూలీలు, చేపల పనివాళ్ళు, రిక్షావాళ్ళు ఉన్న పేటలు. అక్కడ పుట్టింది గానా పాట. ఎవరైనా చనిపోతే శవం దగ్గర రాత్రంతా కూర్చుని పాడతారు. చనిపోయినాయన పేరు పెట్టి, ఆయన బతుకు చెప్పి, అప్పటికప్పుడు కట్టి పాడతారు. డోలకు ఉంటది, కుండో సత్తు గిన్నో ఉంటది, ఏదీ లేకపోతే అగ్గిపెట్టె మీద వేళ్ళతో తాళం. జైలు మీద, తాగుడు మీద, ప్రేమ మీద, చావు మీద పాటలు. తెల్లారి శవంతోపాటు ఆ పాటా పోతది. రాసుకున్నవాడు లేడు, ముద్రించినవాడు లేడు.

పత్రికలకు అది సంగీతంగా కనపడలేదు, రౌడీల గోలగా కనపడింది. సినిమావాళ్ళకు మాత్రం కనపడింది. 1990లలో దేవా సంగీతంలో గానా బాణీలు తమిళ సినిమా నిండా మోగాయి. 2006లో ఒక సినిమాలో గానా ఉలగనాథన్ చేపల పెళ్ళి పాట పాడితే తమిళనాడంతా ఊగింది. 2012లో పా. రంజిత్ మొదటి సినిమా ‘అట్టకత్తి’లో గానా బాల పాడారు. సినిమాలోకి వచ్చిన రోజు అది పాట అయింది. దానికి ముందు రోజు వరకు అదే పాట, అదే గొంతు. మారింది వినేవాడి కులం, రాసేవాడి చూపు.

పేరు ఎక్కడి నుంచి వచ్చింది

2018 జనవరిలో కీల్పాక్‌లో ఒక స్కూలు గ్రౌండులో కొత్త బృందం ఒకటి వేదిక ఎక్కింది. ‘ది కాస్ట్‌లెస్ కలెక్టివ్’. కులం లేని బృందం. పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీత దర్శకుడు తెన్మా కలిసి గానా పాడేవాళ్ళను, ర్యాప్ పాడేవాళ్ళను, గిటారు వాయించేవాళ్ళను, పరై డప్పు కొట్టేవాళ్ళను 19 మందిని ఒక దగ్గర చేర్చారు. అందరూ సూట్లు వేసుకుని వచ్చారు. గానా పాడేవాళ్ళు లుంగీలో ఉండాలని చూసేవాళ్ళకు అది చెంపపెట్టు. మన బాబాసాహెబు సూటు ఎందుకు వేశాడో తెలిసినవాళ్ళకు అది విడమరిచి చెప్పనక్కర్లేదు. రిజర్వేషన్ల మీద పాడారు, గొడ్డుమాంసం మీద పాడారు, భీమరావు మీద పాడారు.

ఆ పేరు చూడండి. దాని వెనక ఒక పత్రిక ఉంది. పండిత అయోధ్యదాసు, తమిళంలో అయోత్తిదాసర్, సిద్ధ వైద్యుడు, బౌద్ధుడు. మేం కులం లేని తమిళులం, మమ్మల్ని అట్లాగే రాసుకోండి అని జనాభా లెక్కల కాలంలోనే అడిగినాయన. 1907 జూన్‌లో మద్రాసులో ‘ఒరు పైసా తమిళన్’ అని వారపత్రిక పెట్టాడు. ధర పేరులోనే ఉంది, ఒక్క పైసా. 1914లో చనిపోయేదాకా నడిపాడు. అంతకు ముందే 1893లో రెట్టమలై శ్రీనివాసన్ ‘పరయన్’ అని పత్రిక పెట్టాడు. తిట్టు పేరునే పత్రిక పేరు చేశాడు. ఆ పైసా కాగితంలో రాసిన మాట నూట పదేళ్ళ తర్వాత ఒక పాటల బృందానికి పేరయింది. రాసి పెట్టారు గనక దొరికింది. చిన్న పత్రిక అని, నాలుగు కాగితాలని మీరు చులకన చేసుకోవద్దు.

మనకూ ఆ వరస ఉంది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు జనం దగ్గరికి పోయింది హరికథలతో. తర్వాత 1931లో ‘భాగ్యనగర్’ పక్షపత్రిక నడిపాడు. పాట, పత్రిక రెండూ ఒకే మనిషి చేతిలో రెండు పనిముట్లు. మనం ఈవేళ కొత్తగా కనిపెడుతున్నది ఏమీ లేదు.

2020 డిసెంబరు నుంచి నీలం వాళ్ళు ‘మార్గళియిల్ మక్కళిసై’ అని మొదలుపెట్టారు. మార్గళి మాసంలో ప్రజల సంగీతం. సభల నెలలోనే పెట్టారు, ఆ నెల ఒకళ్ళ సొత్తు కాదని చెప్పడానికి. గానా, పరై, ఒప్పారి, అంటే శోకాల పాటలు, వేదిక ఎక్కాయి. అప్పుడు పెద్ద పత్రికలూ వచ్చి రాశాయి. ముందు జనం వేదిక కట్టుకున్నారు, తర్వాత పత్రికలు వచ్చాయి. ఈ వరస గుర్తుపెట్టుకోండి.

అట్ట మీద ఎవరి బొమ్మ?

అయితే వచ్చి రాసినంత మాత్రాన న్యాయం జరగదు. 2021 మార్చిలో ‘ఎంజాయ్ ఎంజామి’ అనే పాట వచ్చింది. మీ సెల్‌ఫోన్లలో విని ఉంటారు. రాసింది, పాడింది అరివు, అరక్కోణం వైపు దళిత యువకుడు, కాస్ట్‌లెస్ కలెక్టివ్ మనిషి. సిలోను తేయాకు తోటల్లో కూలి చేసిన వాళ్ళ అవ్వ వల్లియమ్మ బతుకు ఆ పాటలో ఉంది. తోడుగా పాడినామె ధీ. స్వరం సంతోష్ నారాయణన్. దేశాలు దాటిపోయింది ఆ పాట.

అదే ఏడు ఆగస్టులో ‘రోలింగ్ స్టోన్ ఇండియా’ అనే సంగీత పత్రిక అట్ట మీద బొమ్మ వేసింది. ధీ ఉంది. ఇంకో పాట పాడిన షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నాడు. రెండు పాటల రాతలోనూ చెయ్యి ఉన్న అరివు లేడు. పా. రంజిత్ బయటికి అడిగాడు, చాలామంది అడిగారు. తర్వాత అరివు బొమ్మతో ఇంకో అట్ట డిజిటల్‌గా వేశారు. 2022 జులైలో చెన్నైలో చదరంగం ఒలింపియాడు ప్రారంభ సభలో ఆ పాట మోగింది, వేదిక మీద అరివు లేడు. ఆ పాట వెనక తన కష్టం ఏమిటో ఆయనే రాసుకోవాల్సి వచ్చింది. 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ ఇంకో మాట చెప్పాడు. మూడేళ్ళయినా ఆ పాట మీద తమ ముగ్గురికీ ఒక్క రూపాయి రాలేదని.

ఇందులో ఎవరి తప్పెంత అన్నది నేనిక్కడ తేల్చడం లేదు. మనకు కావాల్సింది ఒకటే. కోట్లమంది విన్న పాట రాసినోడికే అట్ట మీద చోటు కోసం అడగాల్సి వచ్చింది. మరి మీ పేటలో చావు దగ్గర పాడే ఏసుదాసుకు, కోలాటం పాట కట్టే మరియమ్మకు చోటెవరిస్తారు? అడిగేవాళ్ళుంటేనే అట్ట మారింది. అడగాలంటే ఎవరు రాశారో, ఎవరు పాడారో ముందు మన దగ్గర రాసి ఉండాలి.

ఇంకో సంగతి. ఇసైవాణి. మగాళ్ళదే అనుకున్న గానాలోకి వచ్చి నిలబడ్డ అమ్మాయి. 2020లో బీబీసీ ప్రపంచంలోని వందమంది స్త్రీలలో ఆమె పేరు వేసింది. గుడి ప్రవేశం మీద, ఆడవాళ్ళ హక్కు మీద ఆమె కొన్నేళ్ళ కిందట పాడిన పాటను 2024 నవంబరులో బయటికి లాగి, అప్పుడే పాడినట్టు ప్రచారం చేశారు. కేసులు పెట్టమన్నారు, నోటికొచ్చిన బూతులు తిట్టారు. అప్పుడు నీలం వాళ్ళు ఆ పాట ఎప్పటిదో, ఏ సందర్భంలోదో ప్రకటన ఇచ్చారు. తేదీ, సందర్భం రాసి ఉంటే అబద్ధానికి అడ్డం నిలబడొచ్చు. పాట కింద తేదీ వెయ్యమని నేను అనేది అందుకే. తేదీ లేని పాటను ఎవడైనా ఏ కేసులోనైనా ఇరికిస్తాడు.

బొంబాయి ముచ్చట ఒక్కటి చెప్పి మన దగ్గరికి వస్తా. 1997 జులై 11న రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారని జనం రోడ్డు మీదికి వస్తే పోలీసులు కాల్చి పదిమందిని చంపారు. అది చూసి తట్టుకోలేక కవి, గాయకుడు విలాస్ ఘోగ్రే ఉరేసుకున్నాడు. ఆనంద్ పట్వర్ధన్ పద్నాలుగేళ్ళు తిరిగి ‘జై భీమ్ కామ్రేడ్’ సినిమా తీసి 2011లో చూపించాడు. విలాస్ గొంతు ఇవ్వాళ ఊరూరా వినపడుతోందంటే ఒక మనిషి ఓపిగ్గా పట్టి ఉంచబట్టే. మన వైపు కలేకూరి ప్రసాద్ 2013లో పోయాడు. ఆయన పాటలు ఇప్పటికీ సభల్లో పాడుతున్నారు. పాడేవాళ్ళలో ఎంతమంది ఆయన పేరు చెప్పి పాడుతున్నారు? మీ ఊళ్ళో అడిగి చూడండి.

ఎట్లా రాయాలి

ఇక పని సంగతి. మీరంతా జీతం లేకుండా రాసేవాళ్ళు. పగలు కూలి, స్కూలు, ఆఫీసు, రాత్రి పత్రిక. అందుకే చెయ్యగలిగినంతే చెబుతాను.

మొదటిది పేరు. పాడినవాళ్ళ పేరు, ఊరు. పాట కట్టినవాళ్ళ పేరు. బాణీ ఎక్కడిది, నాట్ల పాటదా, శోకాలదా, చర్చి పాటదా, సినిమాదా. డప్పు కొట్టినవాళ్ళ పేరు. వంత పాడినవాళ్ళ పేరు కూడా. ‘బృందం’ అని రాసి చేతులు దులుపుకోవద్దు. బృందంలో అయిదుగురుంటే అయిదు పేర్లు.

రెండోది పనితనం. డప్పు గురించి రాయాలంటే డప్పు తెలియాలి. చట్రం ఏ చెక్క, తోలు ఎవరు మూశారు, మంట దగ్గర ఎంతసేపు కాచారు, చిటికెన పుల్ల, సిర్ర ఏ చేతిలో ఏది పట్టారు. చావుకు కొట్టే దెబ్బ వేరు, పెళ్ళికి వేరు, దండోరాకు వేరు. ఆ తేడా కచేరీ విమర్శకుడికి తెలియదు, మీకు తెలుసు. మృదంగానికి పేజీలు రాసినప్పుడు డప్పుకు రాయొచ్చు. అందులో ఉన్నదీ విద్యే.

మూడోది డబ్బు. పాడినవాళ్ళకు ఎంత ఇచ్చారు? బస్సు చార్జీ ఇచ్చారా? అన్నం పెట్టారా? మైకువాడికి ఇచ్చింది పాడినామెకు ఇచ్చారా? మన సభ అయినా సరే రాయండి. పొగిడి శాలువా కప్పి ఉత్త చేతులతో పంపడం మన దగ్గర కూడా ఉంది.

నాలుగోది అనుమతి. రికార్డు చేసే ముందు అడగండి. చావింట్లో అయితే ఇంటివాళ్ళను అడగండి, ఫోను జేబులో పెట్టుకుని ఊరికే కూర్చోవడం కూడా పనే. పాటను యూట్యూబులో పెడితే ఎవరి పేరు మీద పెడుతున్నారు, దానిమీద డబ్బొస్తే ఎవరికి, ముందే మాట్లాడుకోండి. లేకపోతే మనం కూడా చిన్న సైజు కంపెనీవాళ్ళమే అవుతాం.

అయిదోది నిజం. మనవాళ్ళ పాట గనక బాగుందని రాయొద్దు. గానాలో ఆడపిల్లల మీద బూతులు కట్టిన పాటలున్నాయి, కత్తులు తిప్పడం గొప్పని చెప్పే పాటలున్నాయి. మన డీజే పాటల్లో లేవా? మన తాగుబోతు పాటల్లో భార్యను కొట్టడం హాస్యం కాదా? అది రాయాలి. ‘మాల, మాదిగ పాటల్ని మనమే విమర్శిస్తే పెద్దకులాలోళ్ళు నవ్వరా’ అంటారు. నవ్వేవాడు ఎట్లాగూ నవ్వుతాడు. మన అక్కచెల్లెళ్ళు మన మీటింగుకు రావాలంటే మన పాట వాళ్ళ నెత్తిన చెప్పు కాకూడదు. అయితే ఒక తేడా ఉంది. విమర్శించేటప్పుడు పాట పేరు పెట్టి, ఏ మాట తప్పో చెప్పండి. ‘ఈ పేటల పాటలే ఇంత’ అనడం పోలీసు భాష, మనది కాదు.

ఆరోది, ఒంటరిగా పోవద్దు. ఇద్దరు పోండి. ఇద్దరిలో ఒకరు ఆడవాళ్ళయితే మంచిది. వడ్లు దంచేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, పురిటింట్లో, శవం దగ్గర మన అమ్మలు పాడేది మగవాళ్ళ ముందు పాడరు. ఆడపిల్ల పోతే పాడతారు. పాటల్లో సగం ఆ వైపే ఉన్నాయి.

ఎవరికి భయం, ఎవరికి తొందర

చివరగా ఒక మాట. డప్పు కొట్టడం మానెయ్యాలి, అది బానిసత్వం గుర్తు అని మన పెద్దలు కొందరు పోరాడారు. చావుకు, జాతరకు వెట్టిగా కొట్టించుకున్నప్పుడు కర్ర విసిరేసినవాళ్ళకు దణ్ణం పెట్టాలి. అదే డప్పును మన సభలో మన ఇష్టంతో మోగించినవాళ్ళూ మనవాళ్ళే. తమిళనాట పరై విషయంలోనూ ఈ వాదం ఇట్లాగే నడిచింది. వద్దన్నవాళ్ళున్నారు, విముక్తి వాద్యం చేసినవాళ్ళున్నారు. 2025లో పరై గురువు వేలు ఆసాన్‌కు పద్మశ్రీ ఇచ్చారు. ప్రభుత్వం పతకం ఇచ్చింది గనక వాదం అయిపోయిందనుకోవద్దు. మీ ఊళ్ళో డప్పు ఎందుకు మానేశారు, ఎవరు మానేశారు, ఏ ఏడు, ఏ గొడవలో, మానేసినందుకు ఎవరు దెబ్బలు తిన్నారు, అది మీరు అడిగి రాస్తే చరిత్ర. పాడిన పాట ఎంత చరిత్రో, మానేసిన డప్పూ అంతే చరిత్ర.

తొందర ఎందుకంటే, పాట మనిషి లోపల ఉంటది. మనిషి పోతే పోతది. కచేరీ పాటకు పుస్తకం ఉంది, క్యాసెట్టు ఉంది, అకాడమీ ఉంది. మన పాటకు ముసలమ్మ గుండె ఒక్కటే. ఆమె దగ్గు మందుకు డబ్బుల్లేక పోతే పాట కూడా ఆమెతోనే గోతిలోకి పోతది.

అందుకే ఈ తరగతిలో ఒక నిర్ణయం చెయ్యండి. ఇక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరూ తిరిగి పోయిన పక్షం రోజుల్లో ఒక్క మనిషి దగ్గర కూర్చుని, ఒక్క పేజీ రాసి పంపండి. పేరు, ఊరు, పాట ఎట్లా నేర్చుకుంది, ఎప్పుడు పాడింది, ఏం ఇచ్చారు. భాష బాగుండాలని భయపడొద్దు. ఆమె ఎట్లా చెబితే అట్లా రాయండి. తప్పులు దిద్దడానికి ఇక్కడ మనుషులున్నారు, ఆమెను మళ్ళీ తెచ్చివ్వడానికి మాత్రం ఎవరూ లేరు. చెన్నైలో ఉన్న మన తెలుగు కాలనీల్లో చుట్టాలున్నవాళ్ళు ఈసారి పోయినప్పుడు ఆ పని అక్కడ కూడా చెయ్యండి.

పేజీ వచ్చాక ఆ పత్రిక కాపీ ఒకటి పాడినామె చేతికి మీరే తీసుకెళ్ళి ఇవ్వండి. చదవడం రాకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఎక్కడ తప్పు రాశారో ఆమే చెబుతుంది. అది వచ్చే సంచికలో దిద్దండి.

జై భీమ్.